అమ్మ పంటికి క్యాపు ఎందుకు లేదు?

సంక్రాంతికి మా ఇంట్లో జంతికల డబ్బా తీస్తే ఎవరి వయసెంతో వేరే చెప్పనక్కర్లేదు. తినే తీరు చూస్తే తెలిసిపోతుంది. మా అమ్మాయి కరకరా నమిలేస్తుంది. నేను కుడి దవడతోనే నములుతాను. ఎడమవైపు బ్రిడ్జి ఉంది, దాని మీద నాకింకా నమ్మకం కుదరలేదు. మా అమ్మ జంతికని విరిచి టీలో వేసి, మెత్తబడేదాకా ఆగి చెంచాతో తింటుంది. డెబ్భై నాలుగేళ్ల ఆవిడకి పై వరసలో నాలుగు, కింది వరసలో ఆరు పళ్లు మిగిలాయి. అదేమిటమ్మా అంటే, "నాకేటి లోటు? అన్నం కాస్త మెత్తగా వండుకుంటే సరిపోద్ది" అంటుంది.

ఈసారి పండగకి ఊరికే కూర్చుని ఇంట్లో క్యాపులు లెక్కపెట్టాను. మా వారికి రెండు. మా తమ్ముడికి ఒకటి. మా బావగారికి ముందు పళ్లకి బ్రిడ్జి. పోయిన నాన్నగారికి కట్టుడు పళ్ల సెట్టు ఉండేది, రాత్రిళ్లు గ్లాసు నీళ్లలో వేసుకునేవారు. మా అమ్మకి, మా పెద్దత్తకి, మా వదినకి ఒక్కటీ లేదు. వాళ్ల పళ్లు బాగుండి కాదు. పాడైన ప్రతి పన్నూ పీకించేసుకున్నారు. నాకున్న బ్రిడ్జి కూడా ముందు జాగ్రత్తతో వచ్చింది కాదు, నిర్లక్ష్యానికి కట్టిన జరిమానా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇది మా ఒక్క ఇంటి విషయమేనా? మీ ఇంట్లోనూ ఓసారి లెక్క చూడండి.

మూడు మెట్లు

పళ్ల విషయంలో ఏ సమాజమైనా మూడు మెట్లు ఎక్కుతుందని నాకనిపిస్తుంది. మొదటి మెట్టు మీద పన్ను నొప్పి పెడితే పీకించేస్తారు. రెండో మెట్టు మీద పుచ్చిన పంటిని శుభ్రం చేసి, పైన తొడుగు వేసి నిలబెట్టుకుంటారు. దాన్నే మనం క్యాపు అంటున్నాం. ఊడిపోయిన పంటి చోట, అటూ ఇటూ ఉన్న పళ్లని ఆసరా చేసుకుని కొత్త పన్ను నిలబెడితే అది బ్రిడ్జి. మూడో మెట్టు మీద పళ్లు పుచ్చడమే తగ్గుతుంది, క్యాపుల అవసరమూ తగ్గుతుంది.

అంచేత పెద్దవాళ్లలో ఎంతమందికి క్యాపులున్నాయన్న లెక్క చిన్న లెక్కేం కాదు. పాడైన పంటిని కాపాడుకునే స్తోమత, అవకాశం ఎంతమందికి దక్కాయో అది చెబుతుంది.

బ్రిటన్ సంగతి చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అక్కడ కొన్ని కుటుంబాల్లో ఆడపిల్లకి పెళ్లికి ముందే పళ్లన్నీ పీకించి, కట్టుడు పళ్ల సెట్టు కానుకగా ఇచ్చేవారు. రేపు మొగుడికి పళ్ల ఖర్చు లేకుండా ఉంటుందని! 1948లో ప్రభుత్వ ఆరోగ్య సేవ మొదలై వైద్యం ఉచితం చేసేసరికి, కట్టుడు పళ్ల కోసం జనం ఎగబడ్డారు. ఖర్చు తట్టుకోలేక 1951లోనే వాటికి రుసుము పెట్టాల్సి వచ్చింది. 1968 సర్వేలో ఇంగ్లండు, వేల్సులలో పెద్దవాళ్లు నూటికి 37 మందికి నోట్లో ఒక్క సొంత పన్నూ లేదు. 2009 సర్వే నాటికి అలాంటివాళ్లు నూటికి ఆరుగురే. సొంత పళ్లున్నవాళ్లలో నూటికి 37 మందికి కనీసం ఒక క్యాపు ఉంది. నలభై ఏళ్లలో ఒక దేశం మొదటి మెట్టు దిగి రెండో మెట్టు ఎక్కిందన్నమాట. 1970లలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టు ఇంటింటికీ చేరాక పెరిగిన పిల్లలు ఇప్పుడు మూడో మెట్టు మీదున్నారు.

జపాన్ 1989లో ఒక ప్రచారం మొదలుపెట్టింది. ఎనభై ఏళ్లకి ఇరవై సొంత పళ్లు ఉండాలన్నది దాని నినాదం. అప్పట్లో ఆ వయసువాళ్లలో పదో వంతు మందికి కూడా అన్ని పళ్లు లేవు. 2016 సర్వేలో సగం మందికి పైగా ఆ లెక్క అందుకున్నారు. ముసలితనానికీ బోసినోటికీ ముడి లేదని వాళ్లు చేసి చూపించారు.

రంగం నుంచి వచ్చిన బంగారు పన్ను

మరి మన ప్రాంతంలో? మా అమ్మ పుట్టిల్లు ఉద్దానంలో, సోంపేట వైపు. ఆ రోజుల్లో ఆ తీరం నుంచి జనం పనికోసం రంగం వెళ్లేవారు. ఇప్పటి పిల్లలకి రంగం అంటే తెలియదు, రంగూన్. మా అమ్మమ్మ అన్నగారు కూడా అలా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ముందు పంటికి బంగారు తొడుగు వేయించుకొచ్చారట. ఆయన నవ్వితే ఊరంతా చూసేదని అమ్మ చెబుతుంది. అటు కలకత్తాలో కూడా చైనాలోని హుబే ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు పళ్లు కట్టడమే వృత్తిగా పెట్టుకున్నాయి. మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీని 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించిందీ ఆ ఊళ్లోనే. అంటే కొత్త పన్ను కావాలంటే పడవో రైలో ఎక్కి పెద్ద ఊరికి పోవాలి. ఎక్కిపోయేది ఎవరు? మగవాళ్లే. మా అమ్మమ్మకి ముక్కున నత్తు బంగారం, నోట్లో మాత్రం యాభై దాటేసరికే పళ్లు లేవు. చిన్న రోట్లో తమలపాకు, వక్క దంపుకుని నోట్లో వేసుకునేది.

మా అమ్మ కాలానికి పట్నంలో పళ్ల డాక్టర్లు వచ్చారు. కానీ అమ్మ దృష్టిలో పళ్ల డాక్టరంటే పన్ను పీకే డాక్టరే. నా కాలానికి వచ్చేసరికి విజయనగరంలో ఒక వీధి దాటేలోపు నాలుగు బోర్డులు కనిపిస్తున్నాయి. దేశంలో డెంటల్ కాలేజీలే మూడు వందలు దాటాయి, చాలామటుకు ప్రైవేటువి. శ్రీకాకుళం దగ్గర చాపురంలో ఒకటుంది, తగరపువలస దగ్గర సంగివలసలో ఒకటుంది. డాక్టర్లు పట్నాల్లో కుదురుకున్నారు, పళ్ల నొప్పులు మాత్రం పల్లెల్లోనూ ఉన్నాయి.

2002-03లో డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జరిపిన జాతీయ సర్వేలో, 35 నుంచి 44 ఏళ్ల మధ్య వాళ్లలో నూటికి ఎనభై మంది దాకా పుచ్చుపళ్ల బాధితులేనని తేలింది. పుచ్చిన పళ్లలో బాగుచేయించుకున్నవి బహు కొద్ది. మిగతావి అలాగే వదిలేసినవో, పీకించేసినవో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లో ఇచ్చిన నోటి సర్వే ఫారంలో రెండు గళ్లుంటాయి. కట్టిన పళ్లు నోట్లో ఏమున్నాయన్నది ఒక గడి, ఏమి కట్టాల్సి ఉందన్నది ఇంకో గడి. మా అమ్మని కూర్చోబెట్టి ఆ ఫారం నింపితే మొదటి గడిలో సున్నా, రెండో గడి నిండా రాతే.

ఎవరూ వద్దనలేదు

ఇక నా బ్రిడ్జి కథ. కొన్నేళ్ల కిందట నా కింది ఎడమ దవడ పన్ను పుచ్చింది. రూట్ కెనాల్ చేయించుకున్నాను, మూడున్నర వేలయింది. "దీని మీద క్యాపు తప్పకుండా వేయించుకోవాలమ్మా, ఆలస్యం చేయొద్దు" అన్నారు డాక్టరమ్మ. ఇంకో నాలుగు వేలు. సరిగ్గా అప్పుడే అబ్బాయి కాలేజీ ఫీజు కట్టాలి. నొప్పి ఎలాగూ పోయింది కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను.

ఆ ఏడే మా వారికీ రూట్ కెనాల్ అయింది. ఆయనకి పదిరోజుల్లో క్యాపు పడింది. డబ్బు సర్దింది నేనే. ఆఫీసుకి వెళ్లే మనిషి, నలుగురిలో తిరిగే మనిషి అని నాకు నేనే చెప్పుకున్నాను. నేనూ బడికెళ్లి పాఠాలు చెప్పేదాన్నే, నేనూ నలుగురిలో తిరిగేదాన్నే అని ఆ క్షణాన తట్టలేదు.

ఎనిమిది నెలలయ్యాక ఒక సాయంత్రం వేయించిన శనగలు నములుతుంటే టప్పున శబ్దం. పన్ను నిలువునా చీలిపోయింది. ఇక పీకడం తప్ప దారిలేదన్నారు. ఖాళీ అలాగే వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. అంచేత బ్రిడ్జి. బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లని అరగదీసి వాటికీ తొడుగులు వేయాలి. మూడు పళ్ల లెక్క, పన్నెండు వేలు. నాలుగు వేలు మిగిల్చుదామనుకుని పన్నెండు వేలు, ఒక పన్ను, ఇంకో రెండు పళ్ల మీది గట్టి పొర పోగొట్టుకున్నాను.

దీనికి మా వారిని తప్పుపట్టను. ఎవరూ నన్ను వద్దనలేదు. అడిగి ఉంటే ఇచ్చేవారే. నేనే అడగలేదు. ఇంట్లో ఖర్చులు వరసలో పెట్టేది మనం, ఆ వరసలో ఆఖరున నిలబడేదీ మనం. పండగకి అందరికీ వడ్డించి చివర్న మిగిలింది తిన్నట్టే, డబ్బు విషయంలోనూ చేస్తాం. అయితే పన్ను ఆగదు. అడుగంటిన కూర తినేసి సరిపెట్టుకోవచ్చు గానీ, పోయిన పన్ను మళ్లీ మొలవదు.

బిళ్ల మింగి ఊరుకుంటే

నా కథలో పోయింది డబ్బు, ఒక పన్ను. మా అమ్మ ఊరివైపు అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. పన్ను సలిపితే అక్కడ మొదటి మందు మందుల షాపులో దొరికే నొప్పి బిళ్ల. అమ్మ స్నేహితురాలొకావిడ నాతో అంది: "పన్ను సలిపినప్పుడల్లా ఓ బిళ్ల ఏసేసుకుంతాను తల్లీ. డాకటేరు కాడికెల్తే రోజు కూలి పోద్ది, బస్సు చార్జీ పోద్ది."

ఉద్దానంలో ఈ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు కూల్చిందో మనకి తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరవాల్సి వచ్చిందంటేనే తీవ్రత అర్థమవుతుంది. ఆ జబ్బు పంటి బిళ్లల వల్లే వచ్చిందని నేననడం లేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయని, ఇప్పటికే బలహీనపడిన కిడ్నీలకి మరీ హాని అని డాక్టర్లందరూ చెప్పేదే. పుచ్చిన పన్ను బిళ్లతో బాగుపడదు. నొప్పి తాత్కాలికంగా అణుగుతుంది, పుచ్చు లోపలికి దిగుతూనే ఉంటుంది. సకాలంలో సిమెంటు పెట్టించుకునే వీలుంటే ఆ బిళ్లల అవసరమే ఉండదు కదా!

నోరు తెరిస్తే తెలిసేది

పళ్ల కుర్చీలో కూర్చోకపోవడం వల్ల ఇంకో నష్టముంది. నా చిన్నప్పుడు బారువ వైపు నుంచి చేపల గంపతో వచ్చే అవ్వ చుట్టని తిరగేసి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మాకది వింత, ఆవిడకది అలవాటు. మన ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించిన ఈ అడ్డపొగ మీద పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లె జనాన్ని పరీక్షించి 1971లో నివేదిక ప్రచురించారు. అప్పటికింకా విజయనగరం జిల్లా ఏర్పడలేదు. చూసినవాళ్లలో నూటికి సుమారు 44 మందికి ఈ అలవాటుంది. వేడికి, పొగకి అంగిలి మీద మచ్చలు, పుళ్లు, కొందరిలో క్యాన్సరు. మన ఆడవాళ్ల నోళ్ల గురించి ప్రపంచ వైద్య పత్రికలు రాశాయి గానీ, ఆ ఆడవాళ్లలో ఎంతమంది తమంతట తాము వెళ్లి నోరు చూపించుకున్నారు?

క్యాపు కోసం వెళ్లినవాళ్లకి డాక్టరు అంగిలి, బుగ్గలు, నాలుక కింద కూడా చూస్తారు. నొప్పిలేని తెల్లమచ్చ ఉంటే అప్పుడే బయటపడుతుంది. పన్ను పీకించుకుని ఇక ఆ గడప తొక్కనివాళ్లకి ఆ అవకాశమే ఉండదు. నోటి మచ్చకి మొదట్లో నొప్పి ఉండదు, నొప్పి వచ్చేసరికి ముదిరిపోతుంది.

పిల్లకో పన్ను?

మనల్ని వెనక్కి లాగేవి డబ్బు, దూరం మాత్రమే కాదు, మాటలు కూడా. "పిల్లకో పన్ను పోవడం మామూలే" అంటారు పెద్దవాళ్లు. కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని సున్నాన్ని లాగేసుకోదు. ఆ నెలల్లో శరీరంలో మార్పుల వల్ల చిగుళ్లు వాస్తాయి, వాంతుల పులుపు పళ్లని తింటుంది, మాటిమాటికీ ఏదో ఒకటి తింటాం. దానికి తోడు గర్భిణికి పళ్ల వైద్యం చేయించకూడదన్న భయం. నిజానికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అవసరమైన వైద్యం నిక్షేపంగా చేయించుకోవచ్చు. గర్భిణినని డాక్టరుకి ముందే చెబితే చాలు.

"పై పన్ను పీకితే కంటిచూపు పోతుంది" అన్నది ఇంకో మాట. పంటికీ కంటిచూపుకీ అలాంటి సంబంధమేమీ లేదు. ఈ భయంతో కుళ్లిన పంటిని ఏళ్ల తరబడి నోట్లో పెట్టుకునేవాళ్లున్నారు. ఆ చీము మనిషిని లోలోపల తింటుంది.

అవసరం ఎంతో అంతే

ఇంతా చదివి అందరూ వెళ్లి క్యాపులు తొడిగించుకోమని నా ఉద్దేశం కాదు. ప్రతి పుచ్చు పంటికీ క్యాపు అక్కర్లేదు. చిన్న పుచ్చయితే సిమెంటుతో సరిపోతుంది. నమిలే దవడ పంటికి రూట్ కెనాల్ అయితే మాత్రం క్యాపు దాదాపు తప్పనిసరి. బరువంతా దాని మీదే పడుతుంది, లోపల ఖాళీ అయిన పన్ను పెళుసుగా ఉండి చీలుతుంది. ముందు పళ్లకి అన్నిసార్లూ అవసరం రాదు. ఎందుకు వేయాలో డాక్టరుని అడగండి. ఎక్స్‌రే చూపించమనండి. లోహందా, లోహం మీద పింగాణీదా, జిర్కోనియాదా, దేనికెంతో, ఎన్నేళ్లు పూచీయో బిల్లు మీద రాయించుకోండి. కనిపించని వెనక పంటికి ఖరీదైనదే కావాలని లేదు, లోహం క్యాపు గట్టిగా పనిచేస్తుంది.

క్యాపు పడిందని పన్ను చిరంజీవి అయిపోదు. తొడుగు అంచున, చిగురు దగ్గర మళ్లీ పుచ్చుతుంది. బ్రిడ్జి కింద మెతుకులు ఇరుక్కుంటాయి, చిన్న బ్రష్షుతో రోజూ శుభ్రం చేయాలి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లు డెంటల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లొచ్చు. అక్కడ అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, తిరగాల్సి ఎక్కువైనా ఖర్చు తక్కువవుతుంది.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15 నుంచీ ఉంది. బడిపిల్లల ఆరోగ్య పరీక్షల్లో పుచ్చుపళ్లు చూడాలని 2013 నుంచీ నియమం ఉంది. ముప్పై దాటినవాళ్లకి చేసే పరీక్షల్లో బీపీ, షుగరుతోపాటు నోటి క్యాన్సరు పరీక్ష కూడా ఉంది. ఆశా కార్యకర్తో నర్సమ్మో ఇంటికి వచ్చినప్పుడు నోరు కూడా చూడమని అడగడం మన హక్కు. అయితే మచ్చ చూసి పంపిస్తే సరిపోదు. పన్ను పీకడానికి ఒక కుర్చీ వేస్తే సరిపోదు. కుర్చీ ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ పంటిని నిలబెట్టే వైద్యం, పోయిన పంటిని తిరిగి కట్టే వైద్యం పేదవాళ్లకి అందాలి. లేకపోతే డబ్బున్నవాళ్లు రెండో మెట్టు మీద, లేనివాళ్లు మొదటి మెట్టు మీద ఉండిపోతారు. ఉన్న ఇళ్లలో కూడా ఆడవాళ్లు కింది మెట్టు మీదే ఉండిపోతారు.

పండగ వెళ్లాక అమ్మని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "ఈ వయసులో నాకెందుకే, ఆ డబ్బులు పిల్లకి దాయు" అని దారిపొడుగునా గొణిగింది. అంగిలి, బుగ్గలు చూసి అంతా బాగానే ఉందన్నారు. రెండు పళ్లు నిలుస్తాయి, వాటికి క్యాపులు వేసి, మిగతా ఖాళీకి తీసి పెట్టుకునే సెట్టు కడదామన్నారు. మధ్యలో అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "జంతికలు తినొచ్చా?"

ఇన్నేళ్లూ లోటు లేదు లేదంటూ వచ్చిన మనిషికి ఆ కోరిక లోపల ఉందని నాకు అప్పుడు తెలిసింది. మీ అమ్మకి, అత్తకి కూడా ఉంటుంది. వాళ్లు అడగరు. మనమే వాళ్లని నోరు తెరవమనాలి. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి మన నోరూ మనం చూసుకోవాలి.